మునగాకు డబ్బా కొనాలా, ఆవాకు కట్ట కొనాలా?

కిందటి నెల గుణుపురం నుంచి మా ఆడపడుచు ఫోను చేసింది. "వదినా, మునగాకు గొట్టం మాత్రలట. డబ్బా 600 రూపాయలు. క్యాన్సర్ దగ్గరికి రాదని దానిమీదే రాసుంది. మా అత్తకి కొనేదా?" అంది. వాళ్ల పెరట్లోనే మునగచెట్టుంది. కొమ్మలు ప్రహరీ దాటి వీధిలోకి వేలాడుతుంటే మేకలొచ్చి తిని పోతుంటాయి. ఆ మాటే అన్నాను. "ఉత్తి ఆకు తింటే సరిపోద్దా మరి?" అని ఎదురడిగింది.

ఇరవై ఎనిమిదేళ్లు బడిలో సైన్సు చెప్పానని చుట్టాలందరికీ నేను సగం డాక్టరుని. కాను. కానీ ఇది ఒక్క ఫోనుతో తేలే ప్రశ్న కాదనిపించి, చదివిందీ వండిందీ కలిపి తనకి కాగితం మీద రాసిచ్చాను. అదే కొంచెం సాగదీసి ఇక్కడ పెడుతున్నాను.

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉన్న మన తెలుగువాళ్లకి ఒక సౌకర్యం ఉంది. మన వంటిళ్లలో రెండు భాషల ఆకుకూరలు ఉడుకుతాయి. మన తోటకూర ఒడియావాళ్లకి కొసలా, మన బచ్చలి పొయి, మన పొన్నగంటి మదరంగా, మన మునగాకు సజనా శాగొ. కొండ దిగి సంతకొచ్చే సవర ఆడవాళ్ల గంపల్లో మనకు రెండు భాషల్లోనూ పేరు తెలియని ఆకులు ఇంకో నాలుగు ఉంటాయి. ఇన్ని ఉన్నప్పుడే ఏది కొనాలన్న గొడవ.

ముందు ఎంత ఆశ పెట్టుకోవచ్చో చెప్పుకుందాం. ఐరోపాలో 10 దేశాల్లో దాదాపు 4,80,000 మందిని ఏళ్ల తరబడి గమనించి 2010లో లెక్క ప్రకటించారు. కూరలూ పళ్లూ కలిపి రోజుకి 200 గ్రాములు ఎక్కువగా తినేవాళ్లలో క్యాన్సర్లు 3 శాతం మేర తక్కువగా కనిపించాయి. అంతే. నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్ల విషయంలో కాస్త గట్టి ఆధారాలున్నాయి. పేగు క్యాన్సర్ దగ్గర ఆకుల్లోని పీచు అక్కరకొస్తుంది. "ఈ ఆకు క్యాన్సర్‌ని చంపుతుంది" అని పేపర్లో వచ్చే వార్తల్లో ఎక్కువభాగం గాజుపళ్లెంలో పెంచిన కణాల మీద ఆకురసం పోసి చూసినవి. ఆ పళ్లెంలో వెనిగర్ పోసినా కణాలు చస్తాయి. మనం తిన్న కూర నోరు, పొట్ట, పేగులు, కాలేయం దాటుకుని ఏ మోతాదులో ఎక్కడికి చేరుతుందన్నది వేరే కథ.

అలాగని ఆకులన్నీ ఒకటేనని కాదు. ఒక్కోదాంట్లో ఒక్కో పదార్థం పనిచేస్తుంది. నేను వాటిని ఘాటుని బట్టీ రంగుని బట్టీ విడదీస్తాను.

ఘాటున్న ఆకులు

ఆవాకు, ముల్లంగి ఆకు, క్యాబేజీ, మనం కోసి పారేసే కాలీఫ్లవర్ ఆకు, ఇవన్నీ ఒకే కుటుంబం. క్యాన్సర్ పరిశోధనలో ఎక్కువ పేరొచ్చింది ఈ కుటుంబానికే. 1992లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో పాల్ టలాలే బృందం బ్రకోలీ నుంచి సల్ఫోరఫేన్ అనే పదార్థాన్ని విడదీసి, అది ఒంట్లో విషాల్ని కట్టి బయటికి పంపే ఎంజైముల్ని లేపుతుందని చూపించింది. బ్రకోలీ మన సంతలో దొరకదు, దొరికినా ఆ ధరకి నేను కొనను. దాని చుట్టాలే ఇక్కడ కట్ట పది రూపాయలకి దొరుకుతున్నాయి. సల్ఫోరఫేన్ బ్రకోలీలో ఉన్నంత వీటిలో ఉండదు గానీ అదే జాతి ఘాటు పదార్థాలు వేరేవి ఉన్నాయి.

ఈ ఆకుల్లో ఒక తమాషా ఉంది. ఘాటు ముందుగా ఉండదు. గ్లూకోసినోలేట్ అనే సరుకు ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైము ఇంకోచోట విడివిడిగా ఉంటాయి. ఆకుని కొరికినా తరిగినా రెండూ కలిసి అప్పుడు ఐసోథయోసయనేట్ పుడుతుంది. పురుగు కొరికితే దాని నోరు మండాలని మొక్క చేసుకున్న ఏర్పాటు అది. మనకి పనికొస్తుందంటున్నది కూడా ఆ మంటే. అయితే మైరోసినేజ్ వేడికి ఆగదు. తరిగీ తరగగానే క్యాబేజీని మరిగే నీళ్లలో పడేస్తే ఎంజైము చచ్చిపోతుంది, ఘాటు పుట్టదు. పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు కొంతవరకు ఆ పని చేస్తాయి కానీ బాగా తక్కువ. అందుకే క్యాబేజీ గానీ ఆవాకు గానీ వంటకి అరగంట ముందే సన్నగా తరిగి పళ్లెంలో వదిలేయండి. ఆ తర్వాత వండినా పుట్టిన ఘాటులో కొంతైనా మిగులుతుంది.

ఇక్కడ మా అమ్మ చేసే కంద బచ్చలి చెప్పకుండా ఉండలేను. ఆవాలు నానబెట్టి, ఎండుమిరపకాయ, ఉప్పు వేసి, చన్నీళ్లు చిలకరిస్తూ చిన్న రోట్లో నూరేది. నూరేకొద్దీ పసుపచ్చగా మారి, పొత్రం ఎత్తగానే ముక్కులోంచి నెత్తికెక్కేది ఆ ఘాటు. పక్కన నిలబడ్డ పిల్లలం కళ్లు తుడుచుకుంటూ పారిపోయేవాళ్లం. కూర దించి, గిన్నె మీద చెయ్యి పెడితే ఓర్చుకోగలిగేంత వేడి తగ్గాక అప్పుడు ఆవ కలిపేది. "పొయ్యి మీదుండగా వేస్తే చేదెక్కిపోద్ది" అనేది. మా పక్కింటి ఒడియా నానీ వండే బేసర అనే కూరలో ఆవముద్ద కూరతోపాటే ఉడుకుతుంది. ఈ విషయంలో మా ఇద్దరికీ పాతికేళ్లుగా తగువే. రుచిలో ఎవరిది వాళ్లకి గొప్ప. ఎంజైము లెక్కలో మాత్రం మా అమ్మే గెలిచింది. ఇంగ్లండులో 2018లో 12 మందికి వండిన బ్రకోలీ పెట్టి చూశారు. దాని మీద 1 గ్రాము ఆవపొడి చల్లి పెట్టినప్పుడు ఒంటికి పట్టిన సల్ఫోరఫేన్ నాలుగు రెట్లు దాటింది. చచ్చిపోయిన ఎంజైము స్థానంలో ఆవగింజలోని ఎంజైము పనిచేసిందన్నమాట. 12 మంది చిన్న లెక్కే. అయినా ఒక చెంచా ఆవ మనకి ఖర్చూ కాదు, కొత్తా కాదు. క్యాబేజీ కూర దించాక కాస్త పచ్చి ఆవ కలపండి. పోపులో చిటపటలాడిన ఆవాలు దీనికి లెక్కలోకి రావు, అవి మాడిపోయినవి.

మునగాకు సంగతి

మునగ ఆవ కుటుంబానిది కాదు, అయినా ఘాటు పదార్థం దానిలోనూ ఉంది. ఆవాకు ఘాటులా గాలిలో కలిసి పోకుండా నిలకడగా ఉండే రకం. దానికి తోడు ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్, కాల్షియం పాలకూర కంటే బాగా ఎక్కువ. కాగితం మీద చూస్తే మునగాకుని మించిన ఆకు మన చుట్టుపక్కల కనబడదు. కానీ మునగాకు తిన్న మనుషుల్లో క్యాన్సర్ తగ్గిందని చూపించిన పెద్ద పరీక్ష ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ పళ్లెంలోవీ, ఎలుకల మీదవీ. డబ్బా మీద రాతకి ఆధారం అదే.

ఆషాఢంలో మనం ఎలాగూ మునగాకు వండుతాం. పెసరపప్పులో వేసినా, కొబ్బరికోరుతో వేయించినా, బడి చురా, అంటే నలిపిన వడియాలు, వేసి ఒడియావాళ్లలా భజా చేసినా మంచిదే. లేత రెమ్మలే తెంపండి, ముదురాకు చేదు.

ఆవాకా మునగాకా అని ఒకటే తేల్చమంటే, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆవాకూ ముల్లంగి ఆకూ, తక్కిన కాలమంతా మునగాకు అంటాను. రెండూ పోటీ కాదు, ఒకటి దొరకనప్పుడు ఇంకోటి.

రంగున్న ఆకులు

తోటకూర, ఎర్ర తోటకూర, పాలకూర, బచ్చలి, పొన్నగంటి. వీటి బలం కెరోటిన్, పచ్చదనం, ఫోలేట్ అనే విటమిన్. కెరోటిన్ నూనె లేకుండా ఒంటికి సరిగ్గా పట్టదు. కాబట్టి తోటకూర వేపుడులో రెండు చెంచాల నూనె పడిందని బాధపడకండి. ఉడికించి చప్పగా తినేవాళ్ల కంటే మీకే ఎక్కువ అందుతుంది.

పచ్చదనం, అంటే క్లోరోఫిల్, గురించి ఒక నికరమైన పరీక్ష ఉంది. చైనాలోని చీడాంగ్ ప్రాంతంలో తిండిగింజలకి బూజు పట్టి, ఆ బూజు చేసే అఫ్లటాక్సిన్ వల్ల కాలేయ క్యాన్సర్లు ఎక్కువ. అక్కడ 180 మందిని తీసుకుని, సగం మందికి క్లోరోఫిల్ నుంచి తయారుచేసిన క్లోరోఫిలిన్‌ని 100 మిల్లీగ్రాముల చొప్పున పూటపూటా, రోజుకి మూడుసార్లు నాలుగు నెలలు ఇచ్చారు. అఫ్లటాక్సిన్ జన్యుపదార్థాన్ని పాడుచేసిన గుర్తు మూత్రంలో 55 శాతం తగ్గింది. ఆ ఫలితం 2001లో వచ్చింది. క్లోరోఫిలిన్ పేగులోనే విషాన్ని పట్టేసి రక్తంలోకి పోనీకుండా చేస్తుందని వివరణ.

ఇది నాకు ఎందుకు పట్టిందంటే మన ఇళ్లలో వేరుశనగ, మొక్కజొన్న రెండూ తింటాం. వానాకాలం బస్తాలో చెమ్మ చేరితే అదే బూజు. ఇక్కడ ఎంపిక ఆకుల మధ్య కాదు. నల్లబడ్డ, ముడుచుకున్న, చేదెక్కిన పలుకుల్ని ఏరి పారేయడం ముందు, తోటకూర తర్వాత. చేదు పలుకు కడిగితే పోదు, వేయించినా పూర్తిగా పోదు. మా ఇంట్లో వేరుశనగ చేటలో పోసి ఏరే పని మా వారిది. కళ్లజోడు పెట్టుకుని గంటసేపు కూర్చుంటారు, టీవీ చూస్తూ అయినా సరే.

ఫోలేట్ కథ ఇంకా గమ్మత్తైనది, అందులో మన భీమవరం మనిషి ఉన్నాడు. 1941లో నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థాన్ని విడదీసి, ఆకు అనే లాటిన్ మాట మీద ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసినది ఎల్లాప్రగడ సుబ్బారావు బృందం. కణం రెండుగా చీలాలంటే ఫోలేట్ కావాలి. గర్భిణులకి ఇచ్చేది అందుకే. అయితే క్యాన్సర్ కణం కూడా చీలేదే కదా. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా అనే రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకి ఫోలిక్ ఆమ్లం జాతి మందిస్తే జబ్బు జోరు పెరిగినట్టు కనబడింది. అప్పుడు సుబ్బారావు బృందం ఫోలేట్‌కి అడ్డుపడే మందులు చేసిచ్చింది. 1948లో ఫార్బర్ వాటితో కొందరు పిల్లల్లో లుకేమియాని కొంతకాలం వెనక్కి తగ్గించగలిగాడు. ఇవాళ వాడే మెథోట్రెక్సేట్ అనే క్యాన్సర్ మందు ఆ కోవలోదే. ఆకుకూరలో ఉండే విటమిన్ ఆరోగ్యంగా ఉన్నవాడికి రక్ష, చికిత్సలో ఉన్నవాడికి మాత్రగా మింగితే అడ్డంకి కావచ్చు. కూరగా తినే మోతాదుతో ఇబ్బంది రాదు.

పుల్లని ఆకుల గురించి ఎక్కువ చెప్పను. గోంగూర, చుక్కకూర, చింతచిగురు నోటికి బాగుంటాయి, పీచు ఉంటుంది, మార్చి మార్చి తినడానికి పనికొస్తాయి. క్యాన్సర్ పేరు చెప్పి గోంగూర పచ్చడి రోజూ తినకండి. అందులో ఉప్పు ఎంత వేస్తామో మనకు తెలుసు.

ఆకా, మాత్రా?

డబ్బా దగ్గరికి వద్దాం. ఆకులో ఫలానాది మంచిదైతే దాన్నే తీసి మాత్ర చేస్తే ఇంకా మంచిది కదా అన్న ఆలోచన తప్పేమీ కాదు, పెద్దపెద్దవాళ్లకే వచ్చింది. ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే మగవాళ్లని తీసుకుని, కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఇచ్చారు. 1994లో తేలిందేమిటంటే, మాత్ర మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. అమెరికాలో పొగతాగేవాళ్ల మీదా, ఆస్బెస్టాస్‌తో పనిచేసినవాళ్ల మీదా బీటా కెరోటిన్‌తోపాటు విటమిన్ ఎ ఇచ్చి ఇలాంటిదే చేశారు. అక్కడ 28 శాతం పెరిగేసరికి 1996లో గడువుకి ముందే ఆపేశారు. తోటకూర తిని ఎవరికీ ఇలా కాలేదు. ఆకులో కెరోటిన్ ఒంటరిగా రాదు, పీచుతో, తక్కినవాటితో, నెమ్మదిగా వస్తుంది.

మాత్ర ఎప్పుడూ చెడ్డదే అనను. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవాళ్లు ఆంధ్ర పల్లెల్లో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని, తాగేవాళ్లకి విటమిన్ ఎ, రైబోఫ్లావిన్, జింకు, సెలీనియం ఇచ్చి చూశారు. నోట్లో క్యాన్సర్‌కి ముందొచ్చే మచ్చలు చాలామందికి తగ్గాయి. నా ఊహ ఏమిటంటే వాళ్ల తిండిలో ఆ లోటు ముందునుంచీ ఉంది, లోటు తీరింది. కడుపునిండా తినేవాడికి అదే మోతాదు వేరేలా పనిచేస్తుంది. రెండిటికీ తేడా చెప్పగలిగేది రక్తపరీక్షా డాక్టరూ గానీ డబ్బా మీది కాగితం కాదు.

మునగాకు నీడలో ఆరబెట్టి ఇంట్లో కొట్టుకున్న పొడి, అన్నంలో చెంచాడు కలుపుకునే కారప్పొడి, ఈ లెక్కలోకి రావు. అది కూరే. గొట్టంలో పెట్టి ఎంత సాంద్రత చేశారో తెలియని సరుకు వేరు.

ఎవరు ఏది మానాలి, ఏది మార్చుకోవాలి

గుండె కవాటం మార్చినవాళ్లు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మందు వేసుకునేవాళ్లు ఆకుకూరలు మానేస్తారు. మానక్కర్లేదు. ఆకుల్లోని విటమిన్ కె ఆ మందుకి ఎదురు పనిచేస్తుంది కాబట్టి వారం వారం ఇంచుమించు ఒకే మోతాదు తినాలి, డాక్టరుకి చెప్పి. ఒక వారం అసలు తినకుండా మరుసటి వారం రోజూ తోటకూర తింటేనే లెక్క తప్పుతుంది.

మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవాళ్లకి పాలకూర, తోటకూర, బచ్చలి మంచి ఎంపిక కాదు, రాళ్లకి ముడిసరుకయ్యే ఆగ్జలేటు వాటిలో ఎక్కువ. వాళ్లకి ఆవాకు, క్యాబేజీ నయం. పాలకూరే కావాలంటే ఉడికించి నీళ్లు వార్చి, పెరుగుతో కలిపి తినాలి. వార్చిన నీళ్లతో ఫోలేట్ కూడా పోతుంది. రాయి నొప్పి ఒకసారి పడ్డవాళ్లు ఆ నష్టానికి ఒప్పుకుంటారు. తక్కినవాళ్లు వార్చి పారబోయకండి, పప్పులో పోసేయండి.

థైరాయిడ్ ఉన్నవాళ్లు క్యాబేజీ పచ్చిరసం తాగడం లాంటివి పెట్టుకోవద్దు. వండుకుని, అయోడిన్ ఉప్పుతో మామూలుగా తింటే భయం లేదు.

కీమోథెరపీలో ఉన్నవాళ్లకి తెల్లకణాలు పడిపోయి ఉంటాయి. పచ్చి కొత్తిమీర, పచ్చి ఆకు రసాలు వద్దు, బాగా కడిగి ఉడికించినవే పెట్టాలి. ఇంటికి చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ ఒక ఆకు పేరు చెప్పి పోతారు. విశాఖలోనో కటకంలోనో చికిత్స చేస్తున్న డాక్టరుకి ఆ పేర్లన్నీ కాగితం మీద రాసి చూపించండి. మెథోట్రెక్సేట్, క్యాపెసిటబిన్ లాంటి మందులు నడుస్తున్నప్పుడు ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది ఆయనే చెప్పాలి.

సంతలో ఒక్క జాగ్రత్త. తూటికూర, ఇక్కడ కళమ శాగొ అంటారు, చెరువులో పెరిగేది. ఆ నీళ్లలో ఊరి మురుగు కలిస్తే సీసం, కాడ్మియం ఆకులోకి చేరతాయి. ఏ చెరువుదో అడిగి కొనండి. మహేంద్రతనయ ఏటి ఒడ్డున ఇసుకలో వేసిన తోటకూర అయితే నేను కళ్లు మూసుకుని కొంటాను, ఉప్పునీళ్లలో రెండుసార్లు ఝాడించి మట్టి దించుతాను.

ఎంత తినాలంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూరలూ పళ్లూ కలిపి రోజుకి కనీసం 400 గ్రాములు. వారంలో రెండు ఘాటు ఆకులు, మూడు రంగు ఆకులు, ఒక పుల్లాకు పడితే నాకు చాలు.

కాగితం చదివి ఆడపడుచు మళ్లీ ఫోను చేసింది. డబ్బా కొనలేదట, పెరట్లో మునగాకు తెంపి పప్పులో వేసిందట. ఆ తర్వాత గొంతు తగ్గించి, "అత్తకి అసలు బాధ నోట్లో తెల్లమచ్చ వదినా. నెలైంది, పోలేదు" అంది.

పెద్దావిడకి భోజనం అవగానే గుడాఖు వేలితో చిగుళ్లకి రాసుకునే అలవాటు. పొగాకు, బెల్లంపాకం కలిపిన ముద్ద అది. పెళ్లయి వచ్చిన ఏడాది నుంచీ, అంటే 45 ఏళ్లుగా. పొగాకు ఏ రూపంలో నోట్లో పెట్టినా క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి తరగతిలో పెట్టి ఏళ్లయింది. ఇందాకటి 3 శాతం లెక్క దీని పక్కన పెడితే ఆనదు. మునగచెట్టు మొత్తం పప్పులో వేసినా ఆ గుడాఖు చేసే చెరుపుని తీసేయలేదు. మూడు వారాలు దాటిన మచ్చని డాక్టరు చూడాలి, కావాలంటే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లమన్నాను.

"తీసుకెళ్తాను. గుడాఖు డబ్బా సంగతి మాత్రం నువ్వే వచ్చి చెప్పు వదినా, నేను చెప్తే ఆ పూట అన్నం మానేస్తుంది" అంది.

ఆదివారం గుణుపురం బస్సుకి వెళ్తున్నాను. సంచిలో రెండు కట్టలు ఆవాకు పెట్టుకున్నాను, ఆవిడకి ఆవ పెట్టిన కూరంటే ఇష్టం.